కొవ్వు పట్టిన కాలేయాన్ని వద్దనే ముందు

గోదావరి డెల్టాలో పాథాలజిస్టుగా పనిచేస్తున్న నాకు, మైక్రోస్కోపు కింద కొవ్వు చుక్కలు లేని కాలేయం కనిపించడం ఏడాదికేడాది అరుదవుతోంది. మద్యం వాసన ఎరుగని గృహిణిదైనా, సన్నగా రివటలా ఉండే రొయ్యల రైతుదైనా, పాతికేళ్లు నిండని కుర్రవాడిదైనా సరే, అంతో ఇంతో కొవ్వు ఉండనే ఉంటోంది. ఇక్కడివారికి ఇందులో ఆశ్చర్యపడవలసింది ఏమీ లేదు. మూడు పూటలా బియ్యమే ఏదో ఒక రూపంలో కంచంలోకి వస్తుంది, కోతలు యంత్రాలు చూసుకుంటున్నాయి, వీధి చివరి కొట్టుకు వెళ్లాలన్నా బండి తీయవలసిందే, షుగర్ మాత్రలు లేని ఇల్లు వెతికినా దొరకదు. 2000 తరువాతి తొలి సంవత్సరాలలో ఉభయ గోదావరి జిల్లాలలోని 45 గ్రామాలలో మరణాలకు కారణాలను నమోదు చేసిన పరిశోధకులు, గుండె, రక్తనాళాల జబ్బులే పల్లెలలో సైతం మొదటి స్థానంలో ఉన్నాయని అప్పుడే తేల్చారు. కాలేయంలో కొవ్వు ఆ జబ్బులతో కలిసి నడిచేదే. కేంద్ర ఆరోగ్య శాఖ 2021లో దీనిని అంటువ్యాధులు కాని జబ్బుల జాతీయ కార్యక్రమంలో చేర్చినప్పుడు, దేశ జనాభాలో 9 నుంచి 32 శాతం మందికి ఉండవచ్చని అంచనా ఇచ్చింది.

జనంలో ఇంతమందికి ఉన్నప్పుడు అవయవదాతలలోనూ ఉంటుంది. జాతీయ రహదారి మీద బండి ప్రమాదంలో తలకు దెబ్బ తగిలి జీవన్మృతుడైన యువకుడి కాలేయమైనా, బీపీ పెరిగి మెదడులో రక్తం గడ్డకట్టిన నడివయస్సు మనిషి కాలేయమైనా, మన ప్రాంతంలో కొవ్వుతో ఉండే అవకాశమే ఎక్కువ. అయినా దాత పొట్ట తెరిచిన సర్జనుకు అది పసుపు పచ్చగా, అంచులు మొద్దుబారి, వేలితో నొక్కితే గట్టిగా తగిలితే, చాలాసార్లు నిర్ణయం అక్కడితోనే అయిపోతుంది. కొవ్వు ఉందన్న ఒక్క కారణంతో కాలేయాన్ని వదిలివేసే ఈ పద్ధతి మన జనాభాకు సరిపడదని, దానిని అమర్చే ముందు పని చేయించి చూసి తేల్చే ఏర్పాటు మన రాష్ట్రంలో రావాలని నేను నమ్ముతున్నాను. ఎందుకో వివరంగా చెబుతాను.

ముందుగా సర్జన్ల భయం ఒట్టిది కాదని ఒప్పుకోవాలి. దాత శరీరం నుంచి తీసిన కాలేయాన్ని ప్రత్యేకమైన ద్రావణంతో కడిగి, సంచిలో పెట్టి, మంచుపెట్టెలో సుమారు 4 డిగ్రీల దగ్గర ఉంచి తీసుకువెళతారు. 1980లలో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో రూపొందిన ద్రావణం వచ్చాక ఈ పద్ధతి ప్రపంచమంతటా స్థిరపడింది. మామూలు కాలేయం ఆ చలిని కొన్ని గంటలపాటు బాగానే తట్టుకుంటుంది. కొవ్వు నిండినది తట్టుకోలేదు. పుష్యమాసపు తెల్లవారుజామున సీసాలో కొబ్బరినూనె గడ్డకట్టడం కోనసీమలో ప్రతి ఇంటా చూసేదే; కణాలలోని కొవ్వు కూడా చలికి బిగుసుకుని కణాన్ని దెబ్బతీస్తుందన్నది పరిశోధకులు ఇచ్చే వివరణలలో ఒకటి. దానికి తోడు, కొవ్వుతో ఉబ్బిన కణాలు పక్కనున్న సన్నటి రక్తమార్గాలను నొక్కివేయడంతో, కొత్త శరీరంలో అమర్చి రక్తం వదిలినప్పుడు అది అన్ని మూలలకూ చేరదు. కణాలలో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలు ప్రాణవాయువు లేక అడుగంటి, రక్తం తిరిగి రాగానే హానికరమైన పదార్థాలను వెదజల్లుతాయి. అవి పక్కనే ఉన్న కొవ్వును ఆక్సీకరణ చేసి గాయాన్ని ఇంకా పెంచుతాయి. అన్నీ ఒకేసారి మీదపడితే కాలేయం అసలు పని మొదలుపెట్టదు. అప్పుడు కొద్ది రోజులలో మరో కాలేయం దొరకకపోతే రోగి దక్కడు. మరో కాలేయం అంత త్వరగా దొరకడం మన దేశంలో దాదాపు అసాధ్యం కనుక, అనుమానం ఉన్నదానిని వద్దనుకున్న సర్జనును నేను తప్పుపట్టను.

అయితే ఆ అనుమానాన్ని మనం ఎలా కొలుస్తున్నామన్నది నా వృత్తికి సంబంధించిన ప్రశ్న. దాని గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి.

సాధారణంగా పెద్ద చుక్కల కొవ్వు 30 శాతం లోపు ఉంటే నిస్సంకోచంగా వాడతారు, 30 నుంచి 60 మధ్య ఉంటే రోగి పరిస్థితి, దాత వయస్సు, ప్రయాణపు సమయం చూసి ఆలోచిస్తారు, 60 దాటితే వదిలేస్తారు. అంకెలు చూడడానికి ఖచ్చితంగా ఉంటాయి. వాటిని ఇచ్చేది మాత్రం రాత్రివేళ నిద్ర లేచి వచ్చిన ఒక పాథాలజిస్టు కన్ను. దాత కాలేయం నుంచి తీసిన చిన్న ముక్కను అప్పటికప్పుడు గడ్డకట్టించి, పలుచగా కోసి, రంగు వేసి చూస్తాము. కొవ్వు ఉన్నచోట తెల్లటి గుండ్రటి ఖాళీలు కనిపిస్తాయి. ఒకే పెద్ద చుక్క కణమంతా ఆక్రమించి కేంద్రకాన్ని గోడకు నెట్టివేస్తే అది పెద్ద చుక్కల కొవ్వు. కేంద్రకం నడిమధ్యనే ఉండి చుట్టూ చిన్న చిన్న నురగ లాంటి చుక్కలుంటే అది చిన్న చుక్కల కొవ్వు, దానికి భయపడనక్కరలేదు. పుస్తకంలో ఈ తేడా స్పష్టంగా ఉంటుంది. గడ్డకట్టించిన ముక్కలో మంచు స్ఫటికాలు చేసిన రంధ్రాలు కూడా తెల్లగానే కనిపిస్తాయి. ముక్కను సెలైన్‌లో ముంచి పంపితే కణాలు నీరు పీల్చుకుని ఉబ్బి, లేని కొవ్వు ఉన్నట్టు భ్రమ కలుగుతుంది. ఒకే స్లైడును ఇద్దరు చదివితే ఒకరు 25 అనడం, మరొకరు 45 అనడం అనుభవజ్ఞులలో కూడా జరుగుతుంది. ఈ గందరగోళం ప్రపంచమంతటా ఉన్నందువల్లనే, బాన్ఫ్ పేరుతో పనిచేసే అంతర్జాతీయ పాథాలజిస్టుల బృందం 2022లో పెద్ద చుక్క అంటే ఏమిటో నిర్వచించి, దానిని లెక్కించే క్రమాన్ని ప్రచురించింది.

ఇంత జాగ్రత్త పడవలసిన కొలత, మన వైపు చాలా సందర్భాలలో జరగనే జరగదు. స్కాన్ రిపోర్టులో "ఫ్యాటీ లివర్, గ్రేడ్ 2" అన్న వాక్యం, ఆపై సర్జన్ చూపు, అంతే. ఒక దాత విషయంలో బయాప్సీ, అంటే ముక్క తీసి చూసే ఈ పరీక్ష, చేయకుండానే కాలేయాన్ని వదిలేశారని మరునాడు తెలిసింది. మూత్రపిండాలు, కళ్లు తీసుకున్నారు. దినకార్యాలు అయ్యాక దాత తండ్రి మా ల్యాబ్‌లో పనిచేసే బంధువును వెతుక్కుంటూ వచ్చి, "మావాడి లివరు ఎవరికి పెట్టారండీ, మనిషి కులాసాగా ఉన్నాడా?" అని అడిగారు. ఇవ్వలేకపోయారని చెప్పినప్పుడు ఆయన కారణం అడగలేదు. కాగితం మీద రాసి చూపించగలిగే కారణం మా దగ్గర కూడా లేదు. ఆ కాలేయం నిజంగా పనికిరానిదే కావచ్చు. కానీ ఆ సంగతిని ఎవరూ తేల్చలేదు.

కొవ్వు కాలేయానికి చెరగని లోపం కాదని మన ఇళ్లలోనే రుజువు ఉంది. మన దేశంలో కాలేయ మార్పిడులలో అత్యధిక భాగం బతికి ఉన్న బంధువులు తమ కాలేయంలో కొంత ఇచ్చినవే. మా పెద్దమ్మగారి అబ్బాయికి కాలేయం గట్టిపడిపోయే సిర్రోసిస్ జబ్బు ముదిరి పొట్టలో నీరు చేరినప్పుడు, కాలేయం ఇవ్వడానికి మా వదిన ముందుకు వచ్చింది. పరీక్షలలో ఆమె కాలేయంలో కొవ్వు ఎక్కువగా ఉందని తేలింది. డాక్టరుగారు కాగితాలు పక్కన పెట్టి, "ఇలా ఉంటే తీయలేమమ్మా" అన్నారు. "తగ్గితే తీస్తారు కదండీ? అయితే తగ్గుతాను" అంది వదిన. పాలకొల్లు ఇంట్లో ఆమె అన్నం టీ గ్లాసుతో కొలిచి వడ్డించుకునేది, గ్లాసు అంచు దాటిన మెతుకులను గరిటెతో గీసి మళ్లీ గిన్నెలో వేసేది. ఉదయం సాయంత్రం కాలవగట్టు మీద నడక. కొన్ని వారాల తరువాత మళ్లీ స్కాన్ తీస్తే కొవ్వు సగానికి పైగా పోయింది. కుడివైపు భాగం తీసి మా అన్నయ్యకు అమర్చారు. ఇద్దరూ ఇప్పుడు మామూలుగా తిరుగుతున్నారు. ఇలా దాతలను బరువు తగ్గించి సిద్ధం చేయడం మన మార్పిడి కేంద్రాలలో నిత్యం జరిగే పనే. మరణించిన దాత నుంచి వచ్చి, అమర్చిన తరువాత తొలి రోజులు గట్టెక్కిన కాలేయంలో కూడా కొవ్వు కొన్ని వారాలలో చాలావరకు కరిగిపోతుందని ఆ తరువాత తీసిన బయాప్సీలు చూపించాయి. కనుక ప్రమాదం ఎక్కువగా ఉన్నది మంచుపెట్టెలో గడిచే గంటలలోను, రక్తం తిరిగి చేరే తొలి ఘడియలలోను. ఆ కొద్ది గంటలను మార్చగలిగితే కథ మారుతుంది.

మార్చే యంత్రం ఇప్పటికే ఉంది. కాలేయాన్ని మంచులో పెట్టడానికి బదులు శరీరపు వేడి, 37 డిగ్రీల దగ్గర, ప్రాణవాయువు కలిపిన ఎర్ర రక్తకణాల ద్రవాన్ని దాని ధమనిలోకి, పేగుల నుంచి కాలేయానికి రక్తం తెచ్చే పోర్టల్ సిరలోకి నిరంతరం పంపిస్తారు. ఆహారం, ఇన్సులిన్, రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ అందుతుంటాయి. ఆక్స్‌ఫర్డ్‌లో రూపొందిన ఇలాంటి యంత్రం నుంచి తీసిన కాలేయాన్ని 2013లో లండన్‌లో మొదటిసారి ఒక రోగికి అమర్చారు. 2018లో వెలువడిన యూరప్ అధ్యయనంలో, 220 మార్పిడులను మంచు పద్ధతితో పోల్చి చూస్తే, యంత్రంలో ఉంచిన కాలేయాలలో గాయానికి గుర్తుగా కొలిచే ఎంజైము సగానికి సగం తగ్గింది. నిల్వ ఉంచిన సమయం సగటున 54 శాతం పెరిగినా, వదిలివేసిన కాలేయాల నిష్పత్తి సగమైంది.

నాకు ఇంకా ముఖ్యంగా తోచినది బర్మింగ్‌హామ్ వైద్యులు 2020లో ప్రచురించిన అధ్యయనం. బ్రిటన్‌లోని అన్ని కేంద్రాలూ వద్దన్న 31 కాలేయాలను వారు యంత్రం మీద పెట్టారు. కొవ్వు వల్ల వద్దన్నవే కావు, రకరకాల కారణాలవి. నాలుగు గంటలలోపు ద్రవంలో పేరుకునే లాక్టేట్ అనే వ్యర్థాన్ని కాలేయం లీటరుకు 2.5 మిల్లీమోల్‌లకు దించడం తప్పనిసరి. దానితోపాటు పైత్యరసం ఊరడం, ఆమ్లతను అదుపులో ఉంచుకోవడం, రక్తప్రవాహం సరిగా ఉండడం వంటివాటిలో కనీసం రెండు గుణాలు కనిపించాలి. 22 కాలేయాలు ఆ పరీక్షలో నెగ్గాయి. వాటిని అమర్చిన 22 మంది రోగులూ 90 రోజుల తరువాత బతికి ఉన్నారు. ఆ తరువాత నలుగురికి పైత్యనాళాలు కుంచించుకుపోయి మళ్లీ మార్పిడి చేయవలసి వచ్చిందన్నదీ దాచకూడని సంగతి. ఈ అధ్యయనంలో నన్ను కదిలించినది సంఖ్య కంటే విధానం. మంచుపెట్టెలోని కాలేయం తన గురించి ఏమీ చెప్పదు. దాని మంచిచెడ్డలు రోగి పొట్టలో అమర్చాకనే బయటపడతాయి. యంత్రంలో అయితే ఆ పరీక్ష రోగి ప్రాణం పణంగా పెట్టకుండా ముందే అయిపోతుంది. రెండోసారి కాలేయం దొరకని మన దేశంలో ఈ తేడా విలువ ఇంగ్లండులో కంటే ఎక్కువ.

ఇక కొవ్వును యంత్రంలోనే కరిగించే ప్రయత్నాల సంగతి. 2009లో అమెరికా పరిశోధకులు కొవ్వు పట్టిన ఎలుకల కాలేయాలలోకి, కణాలు కొవ్వును మండించుకునేలా ప్రేరేపించే మందుల మిశ్రమాన్ని పంపి, మూడు గంటలలో కొవ్వును సగం తగ్గించారు. 2019లో బర్మింగ్‌హామ్‌లోనే, మార్పిడికి పనికిరావని వదిలేసిన పది కొవ్వు కాలేయాలను తీసుకుని ఐదింటికి అటువంటి మిశ్రమం ఇచ్చి, మిగతా ఐదింటితో పోల్చారు. ఆరు గంటలలో కణజాలంలోని ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులు 38 శాతం, పెద్ద చుక్కల కొవ్వు 40 శాతం తగ్గాయి. మా వదిన వారాల తరబడి అన్నం కొలుచుకుని సాధించినదానికి దగ్గరగా ఒక్క పూటలో చేరుకున్నారన్నమాట. చదివినప్పుడు నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. కానీ ఆ పదింటిలో ఏదీ రోగికి అమర్చలేదు. మిశ్రమంలో వాడిన మందులలో ఒకదాని, జీడబ్ల్యూ501516 అనే దాని, దీర్ఘకాల వాడకంలో జంతువులకు క్యాన్సర్లు రావడంతో మనుషుల మందుగా దానిని తయారు చేసే ప్రయత్నాన్ని, దానిమీద పనిచేస్తున్న మందుల కంపెనీ ఎప్పుడో మానుకుంది. కొన్ని గంటలపాటు శరీరం బయట వాడి, కడిగివేసే మందుకు ఆ భయం ఎంతవరకు వర్తిస్తుందో జాగ్రత్తగా పరీక్షించి తేల్చాలి. ద్రవంలోకి వచ్చిన కొవ్వును వడపోత ద్వారా తీసివేసే మార్గం కూడా పరిశోధనలో ఉంది. జ్యూరిక్‌లో మూడు రోజులు యంత్రం మీద ఉంచిన కాలేయాన్ని 2021 మే నెలలో ఒక రోగికి అమర్చారు, ఏడాది తరువాత కూడా ఆ రోగి ఆరోగ్యంగా ఉన్నారు. అంతసేపు నిలపగలిగినప్పుడు కొవ్వు కరిగించడానికి తొందరపడవలసిన అవసరం కూడా తగ్గుతుంది. అందుచేత, కొవ్వు కరిగించే మందు కోసం ఎదురుచూడకుండా, పని పరీక్షించే యంత్రాన్ని ముందు తెచ్చుకోవాలన్నది నా అభిప్రాయం. మందు నిరూపితమైన రోజున దానిని కలపవలసింది కూడా ఆ యంత్రంలోనే.

ఖరీదు మాటేమిటని వెంటనే అడుగుతారు. యంత్రం దిగుమతి చేసుకోవాలి, ప్రతి కాలేయానికీ కొత్త గొట్టాల సెట్టు కావాలి, రక్తనిధి నుంచి సంచులు కావాలి, రాత్రంతా కనిపెట్టుకుని ఉండే శిక్షణ పొందిన మనిషి కావాలి. పది లక్షల జనాభాకు ఒక్క దాత కూడా లేని దేశంలో ముందు దానాల సంఖ్య పెంచుకోవాలి కదా అని సహచరులు కొందరు అంటారు. దానాలు పెరగాలి, సందేహం లేదు. అయితే 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం నలుగురు వైద్యులు ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి మెదడు మరణాన్ని నిర్ధారించాక, గుండె ఇంకా కొట్టుకుంటున్న బిడ్డను చూస్తూ సంతకం పెట్టిన కుటుంబం ఇచ్చిన కాలేయం అది. దానాలు అరుదైనప్పుడు ఒక్కొక్కటి మరింత విలువైనది అవుతుంది. పైగా మన లెక్కలో ఇంకొక ఖర్చు ఉంది, అది ఏ బిల్లులోనూ కనిపించదు. మరణించిన దాత కాలేయం ఒకటి వదిలేసిన ప్రతిసారీ, ఎదురుచూస్తున్న రోగి ఇంట్లో ఆరోగ్యంగా ఉన్న భార్యో, కొడుకో, చెల్లెలో ఆపరేషన్ బల్ల ఎక్కవలసి వస్తుంది. అలా ఇచ్చినవారు ప్రాణం కోల్పోయిన సందర్భాలు అరుదే అయినా ఉన్నాయి. మా వదిన ఆపరేషన్ రోజున ఆమె పిల్లలు వరండాలో కూర్చున్న తీరు చూసినవారు ఎవరైనా, ఆ ఖర్చును లెక్కలో రాయకుండా ఉండలేరు.

డెల్టాకు దూరం కూడా ఒక సమస్యే. కాకినాడ, రాజమహేంద్రవరం, భీమవరం, అమలాపురం ఆసుపత్రులలో దాతలు దొరుకుతారు. మార్పిడి చేసే కేంద్రాలు విశాఖపట్నం, విజయవాడ, హైదరాబాదు, చెన్నైలలో ఉంటాయి. పోలీసులు గ్రీన్ ఛానల్ ఏర్పాటు చేసి దారి ఇచ్చినా, కొవ్వు ఉన్న కాలేయానికి మంచులో గడిచే ప్రతి గంటా భారమే. ప్రతి ఆసుపత్రికీ యంత్రం అక్కరలేదు. అవయవదానాలను చూసే రాష్ట్ర ప్రభుత్వ కార్యక్రమం జీవన్‌దాన్ ఆధ్వర్యంలో, విజయవాడలోనో విశాఖలోనో ఒక ఉమ్మడి కేంద్రంలో ఒక్క యంత్రం ఉంటే చాలు; రాజమహేంద్రవరం నుంచి విజయవాడ సుమారు 160 కిలోమీటర్లు, కాకినాడ నుంచి విశాఖ సుమారు 150. బర్మింగ్‌హామ్ అధ్యయనంలోని కాలేయాలు కూడా మంచులో వచ్చి ఆ తరువాతే యంత్రం ఎక్కాయి. ఆ కేంద్రంలో పరీక్ష నెగ్గిన కాలేయం ఏ ఆసుపత్రిలోని రోగికైనా వెళ్లవచ్చు, రాత్రికి రాత్రి పరుగులు తీయకుండా పగటివేళ స్థిమితంగా ఆపరేషన్ జరగవచ్చు.

యంత్రం రాకముందే చేయగలిగిన పనులున్నాయి, అవి మావంటివారి చేతిలోనివే. కొవ్వు కారణంగా కాలేయాన్ని వద్దనే ముందు బయాప్సీ తప్పనిసరి కావాలి. ముక్కను సెలైన్‌లో ముంచకుండా, తడిపి పిండిన గాజుగుడ్డలో చుట్టి పంపాలి. పెద్ద చుక్కల కొవ్వు శాతాన్ని, చిన్న చుక్కల సంగతిని, గట్టిపడిన కణజాలం ఉందో లేదో విడివిడిగా రాయాలి. స్లైడు ఫొటోను మరో ఊరిలోని పాథాలజిస్టుకు ఫోనులోనే పంపి రెండో అభిప్రాయం తీసుకోవడం ఇప్పుడు కష్టమైన పనేమీ కాదు. వద్దనుకున్నప్పుడు కారణాన్ని, మంచులో గడిచిన సమయాన్ని కలిపి జీవన్‌దాన్ రికార్డులో నమోదు చేయాలి, దాత కుటుంబం అడిగితే చూపించాలి. అవయవం మార్పిడికి పనికిరాకపోతే పరిశోధనకు వాడుకోవచ్చా అన్న ప్రశ్నను సమ్మతి పత్రం దగ్గరే కుటుంబాన్ని విడిగా అడగాలి. ఇలా ఒక ఏడాది నమోదు జరిగితే, మన ప్రాంతంలో ఎన్ని కాలేయాలు కేవలం కొవ్వు వల్ల పోతున్నాయో, వాటిలో ఎన్ని 30కి, 60కి మధ్య ఉన్నాయో తెలుస్తుంది, యంత్రం కోసం ప్రభుత్వానికి పెట్టే అర్జీలో రాయడానికి మన సొంత లెక్కలు ఉంటాయి.